ఏదీ పేలకుండా వచ్చిన ‘పేలుడు’

మొదటి టపా (విజయవాడ, పత్రిక డెస్కు)

సభ్యులకు నమస్కారం. ఏజెన్సీ వార్తల్లో ‘సోనిక్ బూమ్’ (శబ్దాన్ని మించిన వేగంతో పోయే విమానం వల్ల నేల మీద వినిపించే మోత) వచ్చినప్పుడల్లా మా డెస్కులో తగాదా. ఒకరు ‘ధ్వని విస్ఫోటం’ అంటారు. ఒకరు ‘పేలుడు లాంటి భారీ శబ్దం’ అని తప్పించుకుంటారు. నాలాంటి బద్ధకస్తుడు ఉన్నదున్నట్టు దించేస్తాడు. మొన్న ఒక పాఠకుడు ఫోన్ చేసి, “ఏదీ పేలనప్పుడు పేలుడెలా అవుతుందండీ?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మీరేమంటారు?

బెంగళూరు నుంచి

నాకు ఆ మాట పరిచయమైంది 2020 మే 20న. లాక్‌డౌన్ రోజులు, మధ్యాహ్నం ఒకటిన్నర కావస్తోంది. కుక్కర్ దింపుతున్నాను. ధన్ మంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. మా అత్తగారు “సిలిండర్ పేలిందేమో చూడమ్మా” అన్నారు. బాల్కనీలోకి పరిగెత్తాం. పొగ లేదు, కేకల్లేవు. అన్ని బాల్కనీల్లోనూ మాలాగే జనం! వాట్సాప్‌లో అప్పటికే భూకంపం వచ్చేసింది. అక్కడి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం వాళ్ళేమో, భూకంపాన్ని కొలిచే యంత్రాల్లో ఏమీ పడలేదన్నారు. చివరికి రక్షణ శాఖ తేల్చింది, వైమానిక దళం పరీక్ష కోసం నడిపిన విమానం అని.

చీమకుర్తి నుంచి

అక్కా, యంత్రాల్లో పడలేదంటే నేను నమ్ముతా. మా క్వారీల్లో రాయికి బెజ్జాలేసి మందు కూరి పేలుస్తారు. దూరాన నిలబడితే ముందు కాళ్ళకి తెలుస్తది, ఆ తర్వాతే చెవికి. రాతిలో అదురు గాలికంటే చాలా జోరుగా వస్తది. పైనుంచి వచ్చిన దానికి కాళ్ళకేం పని?

ఫిజిక్స్ మాస్టారు (రిటైర్డ్)

మీ పాఠకుడే రైటు, తమ్ముడూ. బాంబు పేలుడుకి ఒక చోటుంటుంది, ఒక క్షణముంటుంది. అక్కడ మందు ఒక్కసారిగా వేడి వాయువైపోయి చుట్టూ ఉన్న గాలిని తోస్తుంది. తర్వాత వెళ్ళి ఇదిగో ఇక్కడే అని వేలు పెట్టి చూపించొచ్చు. సోనిక్ బూమ్‌కి అలాంటి చోటు లేదు. చెరువులో పడవ జోరుగా పోతుంటే వెనకాల అల రెండు వైపులా విచ్చుకుంటుంది కదా. ఒడ్డున నిలబడ్డవాడి కాళ్ళకి అది ఒక్కసారే తగులుతుంది. పడవ మాత్రం పొడుగునా ఆ అలను లాక్కుంటూనే పోతుంది. శబ్దం నేల దగ్గర సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, పైన చల్లటి గాలిలో ఇంకాస్త నెమ్మది. విమానం దాన్ని మించి పోతున్నంతసేపూ దాని అల ఊళ్ళ మీదుగా ఈడ్చుకుంటూ వస్తుంది. ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళోనే ఏదో అయిందనుకుంటారు.

‘శబ్దవేగాన్ని దాటే క్షణంలో ఢాం అంటుంది’ అని రాస్తుంటారు చూడండి, అది దయచేసి మానెయ్యండి. బెంగళూరు విషయంలో రక్షణ శాఖ చెప్పింది వేరు: 36,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో విమానం వేగం తగ్గించుకుంటున్నప్పుడు వచ్చి ఉంటుందని. 65–80 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించొచ్చనీ చెప్పారు.

ఇక శబ్దం తీరు. బాంబు గాలి పీడనాన్ని ఒక్కసారి పైకి ఎగదోస్తుంది. విమానం రెండు దెబ్బలు కొడుతుంది, ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి. యుద్ధవిమానం చిన్నది కాబట్టి వాటి మధ్య ఎడం సెకనులో పదో వంతుకి అటూఇటూ, చెవి రెంటినీ ఒకటిగా కలిపేసుకున్నా కలిపేసుకుంటుంది. అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ దిగేటప్పుడైతే అరసెకను తేడా, ధన్-ధన్ అని విడిగా తెలిసేది. బలం సంగతి మరీ తేడా. శబ్దాన్ని మించి పోయిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ నేల మీద వేసిన దెబ్బ వంద పాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) లోపే. మామూలు గాలి పీడనమే లక్ష దాటి ఉంటుంది. బాంబు దగ్గర కర్ణభేరి చిరగాలంటే 35,000 పాస్కల్ దాకా కావాలి. చెవికి రెండూ ఒకటే అనిపించొచ్చు గానీ ఒంటికి కాదు.

1964లో అమెరికాలోని ఓక్లహోమా సిటీ మీద, జనం తట్టుకుంటారో లేదో చూద్దామని ఆరు నెలల్లో 1,253 సార్లు ఈ మోత మోగించారు. ‘1,253 పేలుళ్ళు’ అని రాస్తే ఆ ఊరు మ్యాపులో మిగలకూడదు.

సంస్కృతం చెప్పే ఒక సభ్యుడు

మాస్టారు చెప్పింది మాటలోనే ఉంది. ‘స్ఫుట్’ ధాతువుకి పగులు, విచ్చుకొను అని అర్థాలు. మశూచిని స్ఫోటకం అన్నది అందుకే. ‘ముఖాన స్ఫోటకం మచ్చలు’ అనడం మా తాతగారి తరంలో మామూలు. మన ‘పేలు’దీ అదే దారి. ఎండాకాలం ఒళ్ళు పేలుతుంది. మంగలంలో గింజ పేలి పేలాలవుతుంది (ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అనే సామెతలో మంగలం ఇదే). టైరు పేలుతుంది. అక్కర్లేని మాట అన్నవాణ్ణి “ఏమిట్రా పేలుతున్నావ్” అంటాం. ఏది పేలినా లోపలున్నది పైతోలు చీల్చుకుని బయటపడాలి. ఇక్కడ విమానానికి ఏదీ చీలలేదు. చీలితే అది వేరే వార్త.

‘ధ్వన్యాఘాతం’ అంటే?

డెస్కు

గుండెపోటు వార్త అనుకుంటారండీ.

మరొకరు

తలలో పేలు మాటేమిటి పండితులవారూ?

సంస్కృతం సభ్యుడు

అది పేనుకి బహువచనం. దాన్ని దువ్వెనకి వదిలేయండి.

సికింద్రాబాద్ నుంచి

మా దిక్కు బోనాలప్పుడు పోతరాజు కొరడా ఝళిపిస్తే ఛెళ్ళుమంటది. అది గూడ గిదే జాతి శబ్దమని చిన్నప్పుడు ఏడ్నో చదివిన. నిజమేనా సారూ?

ఫిజిక్స్ మాస్టారు

నిజమే. కొరడా పిడి నుంచి కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది, కదలిక అంతకంతకూ వేగం పుంజుకుంటుంది. కొసన అది శబ్దవేగాన్ని దాటుతుంది. విమానం కంటే ఎన్నో వేల ఏళ్ళ ముందే మనిషి చేత్తో పుట్టించిన శబ్దమది.

సికింద్రాబాద్

మరి మనోళ్ళెవరూ ‘కొరడా పేలింది’ అనలే గదా! ఛెళ్ళుమంది అన్నరు. లెక్క అక్కడ్నే తేలిపాయె.

సంస్కృతం సభ్యుడు

భలే పట్టుకున్నావు బాబూ. ‘పేలింది’ అంటే ఏది అని వెంటనే అడుగుతాం. ‘ఉరిమింది’ అంటే ఎవరూ అడగరు. కర్త కనిపించకుండా నిలబడే క్రియ అది. ఈ శబ్దానికీ అలాంటి క్రియే కావాలి. ‘వేగపు ఉరుము’ అందామా?

చీమకుర్తి

ఉరుమంటే గుడగుడా దొర్లుద్ది కదండీ. అక్క చెప్పింది ధన్ అని.

ఫిజిక్స్ మాస్టారు

పిడుగు పక్కనే పడితే ఉరుము కూడా ఫెళ్ళుమంటుంది బాబూ. దూరం వచ్చేకొద్దీ గాలి ఆ శబ్దంలోని పదునును తినేస్తుంది, మొద్దుబారిన మోత మిగులుతుంది. పైగా మెరుపు దారి కిలోమీటర్ల పొడుగు, దాని ఒక్కో ముక్క శబ్దం ఒక్కోసారి చేరుతుంది, అదే ఆ దొర్లుడు. సోనిక్ బూమ్ అలా దొర్లదు. కాబట్టి నీ అభ్యంతరం సగం నిలుస్తుంది.

మరొకరు

రష్యాలో చెల్యాబిన్స్క్ మీద 2013లో ఉల్క వచ్చినప్పుడు అద్దాలు పగిలి 1,500 మంది దాకా ఆసుపత్రులకి వెళ్ళారు. అది ఏ ఖాతాలో?

ఫిజిక్స్ మాస్టారు

రెండు ఖాతాల్లోనూ. శబ్దాన్ని మించిన వేగంతో వచ్చింది, పైన ముక్కలైంది కూడా. దాన్ని పేలింది అనండి, నేను కాదనను. వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి చేరారు. ఆఘాతపు అల రెండు నిమిషాలు దాటాక వచ్చింది. గాయాలు ఎక్కువ అలా అయినవే.

డెస్కు

సరే. వార్తలో ‘సోనిక్ బూమ్’ అనే రాసి, ఒక వాక్యంలో పడవ అల సంగతి చెప్తాను. హెడ్డింగ్‌లో ‘పేలుడు’ తీసేసి ‘ధన్‌మంది’ పెడతాను. ‘వేగపు ఉరుము’ నాకు నచ్చింది గానీ మా చీఫ్ సబ్ ఎడిటర్‌కి నచ్చదు, నాకు తెలుసు.

బెంగళూరు

మా అత్తగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. పడవ దాకా శ్రద్ధగా విన్నారు. అయినా ఆవిడకి ఆ రోజు పేరు మారలేదు. “సిలిండర్ పేలిన రోజు” అనే అంటున్నారు.