అప్‌డేట్: డెలివరీ తప్పితే మేనేజర్లలో ఎవరూ బాధ్యత తీసుకోని సమస్య తీరింది

3 నెలల కింద అడిగాను: జీడిమెట్లలో మాది ప్యాకింగ్ మెషిన్ల యూనిట్, నలుగురు మేనేజర్లూ పనిమంతులే, అయినా డెలివరీ తప్పినప్పుడల్లా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఆర్‌ఏసీఐ (RACI) చార్ట్ సలహా, అంటే ఒక్కో పని ఎవరు చేయాలి, ఎవరు జవాబు చెప్పాలి, ఎవర్ని అడగాలి, ఎవరికి తెలియజేయాలి అని రాసుకునే పట్టిక. పని చేసేవాళ్లు ఎంతమందైనా, జవాబు చెప్పాల్సింది ఒక్కరే అన్నది దాని నియమం. రాయడానికి కూర్చుంటే 'కస్టమర్‌కి తేదీ ఇవ్వడం' దగ్గర ఆగిపోయాం. సేల్స్ ఆయన తన పేరు రాశారు, ప్రొడక్షన్ మేడమ్ తన పేరు రాశారు. నిజానికి ఫోన్‌లో తేదీ మాటిచ్చేస్తున్నది నేను. అది చూశాక నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు మేడమ్ ఒప్పుకోనిదే తేదీ బయటికి వెళ్లదు. నన్నడిగినా 'ఆవిడని అడిగి చెప్తా' అంటున్నాను. సోమవారం పొద్దున అరగంట మీటింగ్: పోయినవారం ఒప్పుకున్నది అయ్యిందా లేదా, అంతే. ఒప్పుకున్న పని అవదనుకుంటే ఆ మాట ముందే చెప్పాలి.

ఇన్సెంటివ్‌లు పెంచడం, కొత్త సాఫ్ట్‌వేర్ మాకు అవసరం పడలేదు. సేల్స్ ఆయన్ని మార్చాలన్న నా ఆలోచన పూర్తిగా తప్పు, ఆయనకే చెప్పి క్షమాపణ అడిగాను. ఈ 6 వారాల్లో ఆలస్యమైంది ఒక్క ఆర్డరే, అదీ బేరింగులు రాక.