చర్చ: చంటిపిల్లకు ఇంటి కాటుక పెట్టాలా, వద్దా?

బరంపురం_ఆడపడుచు: పాపకు ఏడో నెల. బరంపురంలో అమ్మ ఆముదం దీపం మసితో కాటుక చేసి, భువనేశ్వర్ బస్సులో భరిణె పంపింది. డాక్టరేమో కంట్లో ఏదీ పెట్టొద్దన్నారు. ఇంట్లో చేసిందే కదా, ఏమవుతుంది?

పాతకాపు: ఏమీ కాదమ్మా. మనమంతా దాంతోనే పెరిగాం. రాగి పళ్ళేనికి మసి పట్టించి, వెన్న కలిపి, బుగ్గన చుక్క, అరికాలికి చుక్క. ఈ పూతల పిచ్చంతా కంపెనీలు తెచ్చిందే. 1952లో టాటాలు లాక్మే పెట్టకముందు మన ఆడవాళ్ళు అందంగా లేరా?

గుణుపురం_గుంటడు: వెన్న కాదండీ, ఆవు నెయ్యి.

రాయగడ_నర్సు: పూతలు కంపెనీలు తెచ్చినవా? మన వీధినాటకం వేషగాళ్ళు ముఖానికి పూసుకున్న అర్దళం ఏటనుకున్నారు? ఆర్సెనిక్, గంధకం కలిసిన రాయి. ఈజిప్టువాళ్ళు వేల ఏళ్ళ కిందటే సీసపు ముడిరాయి నూరి కళ్ళకు పెట్టుకున్నారు. కొన్ని సుర్మాల్లో ఇప్పటికీ అదే. సీసం పిల్లల మెదడుకు చేటు. అమెరికాలో మందులనీ సౌందర్య సామగ్రినీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కాటుకనీ సుర్మానీ ఒప్పుకోదు. ఇంటి మసిలో సీసం ఉండకపోవచ్చు, సరే. కానీ వేలికున్న మురికి కంట్లోకే పోతుంది. పుసి కట్టి, రెప్పలు అంటుకుపోయిన పసివాళ్ళను వార్డులో చూశాను.

పాతకాపు: కంట్లో అని నేనన్నానా? బుగ్గ, అరికాలు అన్నాను. చదివి మాట్లాడండి. ఇంకోటి, వెన్నే.

గుణుపురం_గుంటడు: వెన్నలో నీరుంటుంది. బూజు పట్టదా?

పాతకాపు: మా ఆవిడ రాత్రి దీపం దగ్గర కూర్చుని చేసిన భరిణెను పుణెలో మా కోడలు మూతైనా తియ్యకుండా టీవీ వెనక పెట్టింది. మేం అక్కడున్నన్నాళ్ళూ అబ్బాయి ల్యాప్‌టాప్ మూస్తే ఒట్టు. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరకి మా నాన్న నాకు పులివేషం స్వయంగా వేసేవాడు. వీపు మీద పసుపు రంగు ఆరేదాకా చేతులు చాపించి నిలబెట్టి, అప్పుడు నల్ల చారలు గీసేవాడు. దురద పుట్టినా కదలనిచ్చేవాడు కాదు. ఇప్పటి తండ్రులకు ఆ తీరికేదీ?

బరంపురం_ఆడపడుచు: బాబాయ్‌గారూ, మీ నాన్నగారు చారలు గీస్తుంటే పొయ్యి దగ్గర ఎవరున్నారు? నేను పొద్దున్నే పాపను క్రెష్‌లో దింపి ఆఫీసుకి పరిగెత్తాలి. అమ్మ రోజూ కాటుక పెట్టిన ఫొటో అడుగుతుంది. డాక్టరు వద్దన్నారంటే, “డాక్టరే నీకు అమ్మా?” అని ఫోన్ పెట్టేస్తుంది. నిన్న ఫొటోలో చుక్క ఫోన్లోనే గీసి పంపాను.

కొత్తసభ్యురాలు: అయ్యో 😂 నేనూ!

రాయగడ_నర్సు: ఇది మొదటే చెప్తే నేను సీసం దాకా వెళ్ళేదాన్నా?

పాతకాపు: కన్నతల్లినే మోసం చేస్తావా? ఓ నెల్లాళ్ళు రమ్మనమ్మా ఆవిణ్ణి.

బరంపురం_ఆడపడుచు: పిలవలేదనుకున్నారా? “నువ్వు ఆఫీసుకి, పిల్ల క్రెష్‌కి పోతే నేను గోడల్ని చూస్తూ కూర్చోనా? ముందు సెలవు పెట్టు” అంటుంది. ఉన్న సెలవులన్నీ కాన్పుకే అయిపోయాయి.