అప్‌డేట్: ట్రైలర్ మీద కారు క్షేమంగా చేరింది

మొదటిసారి ట్రైలర్ మీద కారు ఎక్కించి లాగబోతున్నాను, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని పోయిన వారం అడిగాను కదా. నిన్న సాయంత్రం కారు క్షేమంగా ఇల్లు చేరింది. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది బరువు గురించి చెప్పిన మాట. ట్రైలర్, కారు కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (లాగే బండికి ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడాలన్నారు. నేనేమో కారును ట్రైలర్ మీద బాగా వెనక్కి నిలిపాను, దాంతో హిచ్ మీద బరువు తక్కువ పడింది. ఖాళీ రోడ్డు మీద స్పీడు 60 దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది. గుండె ఆగినంత పనైంది! మీరు చెప్పినట్టే బ్రేక్ తొక్కలేదు. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. మెల్లగా సర్దుకుంది. పక్కకు ఆపి, కారును ఒక అడుగు ముందుకు జరిపి మళ్లీ కట్టాను. ఆ తర్వాత దారంతా ఊగలేదు.

హిచ్ ఊడినా ట్రైలర్‌ను పట్టి ఉంచే సేఫ్టీ చెయిన్లు హిచ్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేశాను. 20 కిలోమీటర్లు పోయాక ఆగి చూస్తే, వెనక ఎడమ చక్రం స్ట్రాప్ కింద వేలు దూరేంత వదులుంది. గట్టిగానే బిగించానే అనుకున్నాను! మళ్లీ బిగించి బయలుదేరాను.

రివర్స్ మాత్రం ఇంకా రాలేదు. ఈ ఆదివారం ఖాళీ ట్రైలర్‌తో ప్రాక్టీస్ చేస్తాను.