హమ్మెల్ ట్రంపెట్ కాన్సర్టో: ఇ మేజరా, ఇ ఫ్లాట్ మేజరా?

ప్రశ్న (గుంటూరు బాకా):

నమస్కారం. చిన్నప్పుడు గుంటూరులో చర్చి బ్యాండులో ట్రంపెట్ నేర్చుకున్నాను. ప్రస్తుతం జర్మనీలో ఉద్యోగం చేసుకుంటూ, మా ఊరి ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. వచ్చే వసంతంలో స్వరకర్త హమ్మెల్ రాసిన కాన్సర్టోకు (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాయిద్యం ముందుండి వాయించే రచన) నన్ను సోలో వాయించమన్నారు. ఇన్నేళ్లుగా నేను సాధన చేసిన పుస్తకం ఇ ఫ్లాట్ మేజర్ శ్రుతిలో ఉంది. కండక్టర్ గారేమో హమ్మెల్ రాసింది అరస్వరం పైనున్న ఇ మేజర్‌లో కాబట్టి అందులోనే వాయిద్దామంటున్నారు. నాకు సొంతంగా ఉన్నది బి ఫ్లాట్ ట్రంపెట్ ఒక్కటే. అది కాగితం మీద రాసిన స్వరం కంటే ఒక పూర్తి స్వరం కిందికి పలుకుతుంది కాబట్టి, దాని మీద ఇ మేజర్ వాయించాలంటే నా కాగితం మీద 6 షార్పులు (స్వరాన్ని అరస్వరం పెంచే గుర్తులు) వచ్చి కూర్చుంటున్నాయి. ఒక మిత్రుడు తన ఇ ఫ్లాట్ ట్రంపెట్ అరువిస్తానన్నారు. ఏ శ్రుతిని ఎంచుకోవాలి, ఏ వాయిద్యం పట్టుకోవాలి?

జవాబు 1 (మూడు వాల్వులు):

మీ కండక్టర్ చెప్పింది నిజమే. హమ్మెల్ ఈ కాన్సర్టోను 1803 డిసెంబరులో వియన్నా ట్రంపెట్ విద్వాంసుడు ఆంటోన్ వైడింగర్ కోసం ఇ మేజర్‌లో రాశారు. 1804 జనవరి 1న ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో అది వినిపించింది. అదే వైడింగర్ కోసం మరో స్వరకర్త హైడన్ 1796లో రాసిన కాన్సర్టో మాత్రం మొదటినుంచీ ఇ ఫ్లాట్‌లోనే ఉంది కనుక, దాని విషయంలో ఎవరికీ పేచీ లేదు. వైడింగర్ వాయించినది వాల్వుల (నొక్కితే గాలి దారి పొడవు పెంచే బొత్తాల) ట్రంపెట్ కాదు. గొట్టానికి రంధ్రాలు చేసి, వాటిని మీటలతో మూసి ఉంచిన ట్రంపెట్. మీట నొక్కితే రంధ్రం తెరుచుకుని స్వరం పైకి లేచేది. తర్వాతి కాలంలో వాల్వుల ట్రంపెట్ వాళ్లు చేతి సౌకర్యం కోసం హమ్మెల్‌ను అరస్వరం కిందికి దించుకున్నారు. బి ఫ్లాట్ ట్రంపెట్ మీద అది ఎఫ్ మేజర్ అవుతుంది, అంటే కాగితం మీద ఒకే ఒక ఫ్లాట్ (స్వరాన్ని అరస్వరం తగ్గించే గుర్తు). మీ పుస్తకం ఆ కోవలోది.

అయితే వాయిద్యం సంగతి తేల్చే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆర్కెస్ట్రా వాళ్లకు వచ్చే నోట్ల కాగితాలు ఏ శ్రుతిలో ఉన్నాయో లైబ్రరీని అడగండి. రెండు శ్రుతుల్లోనూ ముద్రణలు ఉన్నాయి. మొదటి రిహార్సల్‌లో నా నోట్లు ఒక శ్రుతిలో, మిగతా నలభై మందివి ఇంకొక శ్రుతిలో తేలి, ఆ సాయంత్రమంతా వృథా అయిన అనుభవం నాకుంది.

జవాబు 2 (నాలుగు తీగలు):

నేను వయొలిన్ వాయిస్తాను కనుక మా వైపు మాట కూడా చెబుతాను. ట్రంపెట్ వాళ్లు మొదటి భాగాన్ని, రాండో అనే చివరి భాగాన్ని చూసుకుని శ్రుతి నిర్ణయించేస్తారు, కానీ మా కష్టమంతా రెండవ భాగంలో ఉంది. అసలు రచనలో అది ఎ మైనర్‌లో మొదలవుతుంది, మాకు షార్పులూ లేవు, ఫ్లాట్లూ లేవు. మొత్తం కాన్సర్టోను అరస్వరం దించితే అదే భాగం ఎ ఫ్లాట్ మైనర్ అవుతుంది, అంటే 7 ఫ్లాట్లు. ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో రెండవ వయొలిన్ల వరుసలో ఆ 7 ఫ్లాట్లు ఎలా పలుకుతాయో నేను వర్ణించను. పైగా ఇ మేజర్‌లో మా ఇ తీగ ఖాళీగానే మోగుతుంది కాబట్టి మొదటి భాగం ధ్వని విచ్చుకుంటుంది. అరస్వరం దించితే ఆ మెరుపు పోతుంది. నా ఓటు ఇ మేజర్‌కే.

జవాబు 3 (మూడు వాల్వులు):

వయొలిన్ వారి వాదన న్యాయమైనదే. ఇక వాయిద్యం సంగతికి వస్తాను. ఇ మేజర్‌ను సి ట్రంపెట్ మీద వాయిస్తే 4 షార్పులు, డి ట్రంపెట్ మీద 2 షార్పులు, ఇ ట్రంపెట్ మీద ఏమీ ఉండవు. ఇ ఫ్లాట్ ట్రంపెట్‌ను ఉన్నదున్నట్టు పట్టుకుంటే మాత్రం 7 షార్పులు లేదా 5 ఫ్లాట్లు అవుతాయి కాబట్టి ఆ దారి వద్దు. కానీ ఇ ఫ్లాట్ ట్రంపెట్లలో చాలావాటికి డి శ్రుతికి మార్చుకునే అదనపు స్లైడులు (తీసి పెట్టుకునే గొట్టం ముక్కలు) కూడా ఇస్తారు. మిత్రుడి పెట్టెలో అవి ఉన్నాయేమో చూడండి. ఉంటే మూల స్లైడుతో పాటు మూడు వాల్వుల స్లైడులనూ మార్చాలి. మూల స్లైడు ఒక్కటే మార్చి వదిలేస్తే వాల్వు నొక్కిన ప్రతి స్వరమూ కాస్త హెచ్చుగా పలుకుతుంది. అప్పుడు మొదటి భాగం మీకు డి మేజర్, రెండవది జి మైనర్ అవుతాయి. రెండూ వేళ్లకు అలవాటైనవే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. చిన్న ట్రంపెట్ పట్టుకుంటే పై స్వరాలు వాటంతటవే వస్తాయని అనుకోవద్దు. స్వరం సరిగ్గా తగలడం కొంత తేలికవుతుంది, కానీ ధ్వని పలుచబడుతుంది; మీ చెవికి, పెదవికి అలవాటైన శ్రుతి స్థానాలు కూడా కదులుతాయి. రెండవ భాగం మొదట్లో మీరు పట్టి ఉంచే దీర్ఘ స్వరంలో ఈ తేడా దాచలేనంతగా బయటపడుతుంది. కనీసం రెండు మూడు నెలలు, రోజూ శ్రుతి మీటరు ఎదుట పెట్టుకుని ఆ వాయిద్యం మీదే సాధన చేయండి. అంత వ్యవధి లేకపోతే, 6 షార్పులైనా సరే మీ బి ఫ్లాట్ ట్రంపెట్ మీదే వాయించడం మేలని నా అభిప్రాయం.

గుంటూరు బాకా:

అందరికీ కృతజ్ఞతలు. లైబ్రరీకి ఫోన్ చేశాను, ఆర్కెస్ట్రా కాగితాలు ఇ మేజర్‌లోనే ఉన్నాయట. నిన్న రాత్రి మిత్రుడి పెట్టె తెరిచి చూస్తే, మౌత్‌పీస్ అర కింద గుడ్డలో చుట్టిన నాలుగు స్లైడులు దొరికాయి; వాటిని ఇంతవరకు ఒక్కసారి కూడా బయటికి తీయలేదని ఆయనే ఒప్పుకున్నారు. మూడవ వాల్వు స్లైడు బిగుసుకుపోయి ఉంది కాబట్టి, శనివారం వాయిద్యాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను.