‘దాన విక్రయాది సర్వహక్కులతో’: యాప్‌లో సీజన్ కొంటే ఈ మాట వర్తిస్తుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఒక వీడియో యాప్‌ను తెలుగులోకి తెస్తున్నాం. నెలనెలా కట్టేదానికి ‘చందా’ అని పెట్టాం. ఒక టీవీ షో సీజన్ మొత్తానికి ఒకేసారి డబ్బు కట్టే చోట బటన్ మీద ‘కొనండి’ అని రాశాం. డిస్క్ కొనడమూ ఇదీ ఒకటి కాదని, ఆ మాట వాడకూడదని మా బృందంలో ఒకరు పట్టుబడుతున్నారు. పెద్దలు చెప్పాలి.

జవాబు

పట్టుబట్టినవారిదే సరైన మాట. మన క్రయ దస్తావేజుల్లో ‘దాన విక్రయాది సర్వహక్కులతో’ అని రాస్తారు. కొన్నవాడు ఆ ఆస్తిని ఊరికే ఇచ్చేయవచ్చు, అమ్ముకోవచ్చు, ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’ అనుభవించవచ్చు. కొనడమంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన మాట నాకు కనిపించలేదు.

డీవీడీకి ఇది చాలావరకు సరిపోతుంది. ‘సర్వ’ అనలేం. నకళ్లు తీసి అమ్మే హక్కు, బయట ప్రదర్శించే హక్కు మనకు రావు. కానీ దానం, విక్రయం ఉన్నాయి. అమెరికాలో 1908లోనే ఒక పుస్తకం కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఒకసారి అమ్మిన ప్రతిని కొన్నవాడు మళ్లీ ఎంతకు అమ్ముకోవాలో ప్రచురణకర్త శాసించలేడని చెప్పింది. తర్వాత అది చట్టంలోకీ ఎక్కింది. నెట్‌ఫ్లిక్స్ 1998 నుంచి 2023 సెప్టెంబర్ దాకా డిస్కులను పోస్టులో పంపి అద్దెకివ్వగలిగింది ఈ సూత్రం అండతోనే.

యాప్‌లో ‘కొన్న’ సీజన్‌ను చెల్లెలికి ఇవ్వలేం, పాతదిగా అమ్ముకోలేం. 2023 డిసెంబర్‌లో ఏం జరిగిందో చూడండి. సోనీ వారి గేమ్ యంత్రం ప్లేస్టేషన్‌లో డిస్కవరీ షోలు కొనుక్కున్నవారికి, లైసెన్సు ఒప్పందాల కారణంగా ఆ నెల 31 నుంచి అవి మీ లైబ్రరీలో ఉండవని సోనీ చెప్పింది. అభ్యంతరాలు వచ్చాక ఒప్పందం మార్చుకుని, కనీసం మరో 30 నెలలు ఉంచుతామంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ రెండో కబురే. కొన్న వస్తువుకు గడువేమిటండీ?

కాలిఫోర్నియా దీనిమీద చట్టమే చేసింది. 2025 జనవరి 1 నుంచి, మీకు దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకుకు ‘కొనండి’ అనే మాట వాడకూడదు. ఎప్పటికీ మన దగ్గరే ఉండేలా డౌన్‌లోడ్ చేసుకోగలిగిన వాటికి మినహాయింపు ఉంది.

మరో సభ్యురాలు

మాస్టారూ, మీ మాటకు ‘కొను’ క్రియే సాక్ష్యం. దానికి తీసుకోవడం అన్నది పాత అర్థం. ‘చేకొను’, ‘కైకొను’ రెండింటిలోనూ చెయ్యి ఉంది.

నా అభ్యంతరం ‘చందా’ మీద. పత్రికకు చందా ఆపేసినా వచ్చిన సంచికలు ఇంట్లోనే ఉండేవి. మా నాన్నగారు ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేయించేవారు. ఇక్కడ చందా ఆగిన రోజే అన్నీ పోతాయి. రెంటికీ ఒకే మాట ఎలా కుదురుతుంది?

జవాబు

మంచి ప్రశ్న అమ్మా. అయినా ‘చందా’ ఉంచమనే చెబుతాను. కేబుల్ టీవీకి కూడా నెల చందా అనే అంటున్నాం, కట్టడం ఆపితే ప్రసారం ఆగుతుందని అందరికీ తెలుసు. ఆ మాట వల్ల ఎవరూ మోసపోరు. ‘కొనండి’తోనే ప్రమాదం.

డిస్కుకూ కష్టాలున్నాయి. గీతలు పడతాయి, ప్లేయర్లు దొరకడం తగ్గిపోయింది. అయినా మీ అల్మరాలోని డిస్కును తీసేస్తామని ఎవరూ కబురు పంపరు.

యాప్ వారికి నా సలహా: బటన్ మీద ‘చూసే హక్కు పొందండి’ అని రాయండి. దాని కిందే, చిన్న అక్షరాల్లో కాకుండా, ‘ఈ హక్కును మరొకరికి ఇవ్వలేరు, అమ్మలేరు. మా లైసెన్సు ముగిస్తే ఈ షో తొలగిపోవచ్చు’ అని పెట్టండి. బటన్‌కు పొడుగనిపిస్తే ‘వీక్షణ హక్కు’ చాలు.