91 మియాటా 1.6ని రేస్ కారుగా మార్చాలి: ఏది ముందు, ఏది తర్వాత?

పాప్అప్_లైట్లు:
ఉండేది డాలస్ దగ్గర. కారు 1991 మజ్డా మియాటా, 1.6 ఇంజన్, ఐదు గేర్లు, ఎల్ఎస్‌డీ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్) లేని మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె). బాడీకి తుప్పు లేదు. దీన్ని స్పెక్ మియాటా (అందరూ దాదాపు ఒకేలాంటి మియాటాలతో దిగే పోటీ) క్లాసుకి తయారు చేసి క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌లో పోటీలకి దింపాలని ప్లాన్. వెల్డింగ్ తప్ప మిగతా పని గరాజ్‌లో సొంతంగానే.

మూడు సందేహాలు. పని ఏ వరసలో చేయాలి? కేజ్ (కారు బోల్తా పడినా మనిషిని కాపాడే ఇనుప గొట్టాల చట్రం) బోల్టులతో బిగించేది సరిపోతుందా, వెల్డింగే చేయించాలా? నంబర్ ప్లేటు అలాగే ఉంచి వారంలో రెండు రోజులు ఆఫీసుకి కూడా తీసుకెళ్లొచ్చా?

రూల్‌బుక్_రాజు:
స్పానర్ పట్టే ముందు రూల్‌బుక్ పట్టండి. స్పెక్ మియాటాని ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడుపుతుంది, నాసా కూడా నడుపుతుంది (రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్). రెండింటి నియమాలు చాలావరకు ఒకటే గానీ, టైర్ల దగ్గర, కనీస బరువు దగ్గర తేడాలుంటాయి. పైగా అవి ఏటా మారతాయి. మీరు దిగబోయే సిరీస్ తాజా ప్రతి డౌన్‌లోడ్ చేసుకుని, అందులో రాయనిది ఏదీ చేయకండి. ఈ క్లాసులో "వద్దని ఎక్కడా అనలేదు కదా" అన్న వాదన చెల్లదు. అనుమతి రాసి ఉంటేనే అనుమతి.

ఇక మీ కారు సంగతి. 1990 నుంచి 91 మధ్య దాకా వచ్చిన 1.6 ఇంజన్లకి క్రాంక్ ముక్కు (క్రాంక్ షాఫ్టుకి పుల్లీ బిగించే ముందు కొస) పొట్టిది. దానిలో పుల్లీ బోల్టు వదులైతే కీవే (పుల్లీ జారి తిరగకుండా పట్టే గాడి) అరిగిపోతుంది, టైమింగ్ తప్పుతుంది, చివరికి క్రాంకే మార్చాల్సి వస్తుంది. బానెట్ ఎత్తి క్రాంక్ పుల్లీ నడిమి భాగంలో గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడవుది. మీది సరిగ్గా మారిన ఏడాది కారు, రెండిట్లో ఏదైనా కావచ్చు. నాలుగైతే ఆ ఇంజన్ మీద డబ్బు పోయకుండా పొడవు ముక్కు ఇంజన్ వెతుక్కోవడం మేలు.

ఇంకో మాట, నచ్చకపోవచ్చు. ఎవరో కట్టి అమ్ముతున్న కారు కొంటే దాదాపు ఎప్పుడూ తక్కువలో అయిపోతుంది. కేజ్, సీటు, బెల్టులు, సస్పెన్షన్ కిట్ విడివిడిగా కొని కలిపి చూడండి, తెలుస్తుంది. సరదా కోసం కట్టుకుంటానంటే వేరే సంగతి.

టిగ్_టార్చ్:
కేజ్ గురించి నేను చెప్తాను. వెల్డింగే చేయించండి. బోల్టుల రోల్ బార్ (సీట్ల వెనక మాత్రమే ఉండే కమాను) ట్రాక్ డేలకి (పోటీ లేకుండా ట్రాక్‌లో నడిపే రోజులకి) సరే, పోటీకి కుదరదు. మియాటా బరువున్న కారుకి ఎస్‌సీసీఏ అడిగేది 1.5 అంగుళాల వ్యాసం, 0.095 అంగుళాల మందం ఉన్న డీఓఎం ట్యూబు (అచ్చులోంచి లాగి నునుపు చేసిన గొట్టం). ఈఆర్‌డబ్ల్యూ (అతుకు వెల్డ్ చేసి అలాగే వదిలేసిన) ట్యూబు చవగ్గా దొరుకుతుంది గానీ చెల్లదు. మందం కొలవడానికి ట్యూబులకి 3/16 అంగుళాల రంధ్రం వేయించి ఉంచాలి. పెయింట్ వేసేటప్పుడు దాన్ని పూడ్చేయకండి.

అందరూ తప్పు చేసేది వరస దగ్గరే. ముందు సీటు, తర్వాత కేజ్. రేసింగ్ సీటుని రెయిల్స్ లేకుండా నేలకే బిగించి, హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చోండి. మెయిన్ హూప్ (సీటు వెనక ఉండే కేజ్ పెద్ద కమాను) హెల్మెట్ కన్నా కనీసం 2 అంగుళాలు పైన ఉండాలి. మియాటాలో ఆరడుగుల మనిషికి ఇది మహా కష్టం. ముందే కేజ్ కట్టేస్తే తర్వాత సీటు దించడానికి చోటుండదు. భుజం బెల్టుల బార్ ఎత్తు కూడా సీటుని బట్టే తేలుతుంది. బెల్టులు భుజం నుంచి వెనక్కి సమాంతరంగా గానీ, 20 డిగ్రీలకి మించకుండా కిందికి వాలి గానీ ఉండాలి. అంతకన్నా ఎక్కువ వాలితే గుద్దుకున్నప్పుడు బెల్టు వెన్నుపూసని కిందికి అదుముతుంది.

కేజ్ ముందు కారు ఖాళీ చేయాలి:

- బ్యాటరీ (ట్రంకులో కుడివైపు) తీసేసి, కొన్ని నిమిషాలు ఆగాకే ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ ముట్టుకోండి. కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉంటుంది.
- ప్రయాణికుడి కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఉంటుంది. వెల్డింగ్‌కి ముందు అది బయటికి రావాల్సిందే.
- పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనక, పార్సెల్ షెల్ఫ్ కిందే ఉంటుంది. హూప్ వెనక కాళ్లు వెల్డ్ చేసేది దాని నెత్తిమీదే. ఖాళీ చేస్తే చాలదు, ఆవిరి మిగిలి ఉంటుంది. ట్యాంకు దింపేయండి.
- నేలకి అంటిన తారు పొరలకి డ్రై ఐస్. 10 కిలోలు తెచ్చి, ముక్కలు పరిచి, 10, 15 నిమిషాలయ్యాక సుత్తితో తడితే పెంకుల్లా లేస్తుంది. గరాజ్ తలుపులు బార్లా తెరిచి చేయండి, వచ్చేది కార్బన్ డయాక్సైడ్. నిలువు గోడల మీద డ్రై ఐస్ నిలవదు, అక్కడ హీట్ గన్, గరిటె.

వెల్డర్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్కటే అడగండి: "పై జాయింట్లు చుట్టూ ఎలా వెల్డ్ చేస్తావు?" విండ్‌షీల్డ్ ఫ్రేముకి ట్యూబు ఆనుకుని ఉంటే టార్చ్ పట్టదు, పైవైపు వెల్డు లేకుండానే వదిలేస్తారు. తెలిసినవాడు నేలలో కాళ్ల చోట రంధ్రాలు కోసి, కేజ్‌ని కిందికి దించి, పైన చుట్టూ వెల్డ్ చేసి, మళ్లీ లేపి, కాళ్ల కింద ప్లేట్లు పెట్టి మూసేస్తాడు. ఈ జవాబు రాకపోతే వేరే షాపు చూసుకోండి.

పాప్అప్_లైట్లు:
గాళ్లు లెక్కపెట్టాను, ఎనిమిది. టిగ్ అన్నా, ఆఫీసు సంగతి? తలకి దగ్గర ట్యూబులకి ప్యాడింగ్ ఉంటుంది కదా. ఇంకోటి, కిల్ స్విచ్ (ప్రమాదంలో కరెంటంతా ఆపేది) బ్యాటరీ నెగటివ్ మీద పెడితే చాలా?

టిగ్_టార్చ్:
వద్దు తమ్ముడూ. ఆ ప్యాడింగ్ హెల్మెట్ పెట్టుకున్న తలకి చేసింది. వట్టి తల దానికి తగిలితే ఇనుము తగిలినట్టే. ఎవరైనా వెనకనుంచి మెల్లగా గుద్దినా చాలు. ట్రెయిలర్ మీద తీసుకెళ్లండి.

కిల్ స్విచ్: బ్యాటరీ ఒక్కటే కట్ చేస్తే ఇంజన్ ఆగదు, ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కి కరెంటు ఇస్తూనే ఉంటుంది. తనిఖీలో ఇంజన్ నడుస్తుండగా స్విచ్ తిప్పమంటారు, అక్కడే దొరికిపోతారు. బ్యాటరీతోపాటు ఇగ్నిషన్ తీగనీ తెంపే అదనపు టెర్మినళ్లున్న స్విచ్ కొనండి. దాంతో వచ్చే చిన్న రెసిస్టర్ పారేయొద్దు. హఠాత్తుగా లోడ్ పోతే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోకుండా అదే కాస్తుంది. స్టీరింగ్ లాక్ కూడా పీకేయాలి, మర్చిపోతారు.

డీటీసీ60:
మిగిలింది మెకానికల్, క్లుప్తంగా.

మొదట ముందు చక్రాల హబ్బులు (చక్రం బిగించే, బేరింగ్ ఉన్న భాగాలు). స్లిక్ (గాళ్లు లేని నున్నటి) లాంటి టైర్లతో పోటీ చేసే మియాటాలో ముందు హబ్బు బ్రేక్ ప్యాడ్ లాగా అరిగిపోయే వస్తువే అనుకోండి. బేరింగ్ ఆడితే డిస్క్ అటూ ఇటూ ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది. మలుపు దాటాక మొదటి తొక్కుడుకి పెడల్ లోపలికి పోతుంది, రెండోదానికి గట్టిగా ఉంటుంది. బ్రేక్ పైపుల్లో గాలి ఉందనుకుని బ్లీడ్ చేస్తూ (గాలి తీస్తూ) కూర్చుంటారు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఏ కాస్త కదిలినా మార్చేయండి. అలాగే వదిలేస్తే హబ్బు విరిగి చక్రం ఊడుతుంది.

మీ 1.6కి ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లే. రోడ్డు ప్యాడ్లు నాలుగు ల్యాపుల్లో చేతులెత్తేస్తాయి. రేస్ ప్యాడ్లు, దాంతో మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి ఫ్లూయిడ్ (కొత్త సీసాలో మరుగు స్థానం 312 డిగ్రీలు). తేమ పీల్చుకునే కొద్దీ ఆ అంకె పడిపోతుంది, కాబట్టి ప్రతి రేస్ వారాంతానికీ బ్లీడ్ చేయండి. తెరిచిన సీసా దాచుకోకండి.

1.6 డిఫరెన్షియల్‌లో రింగ్ గేర్ చిన్నది, అదే బలహీనత. 94 నుంచి 1.8 కార్లలో వచ్చిన టార్సెన్ (ఒక రకం ఎల్ఎస్‌డీ) పెద్దది, బలమైనది. మార్చుకునే పనైతే హాఫ్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా దానికి సరిపడేవి ఒకే కారు నుంచి సెట్టుగా తీసుకోండి. లేకపోతే ఫ్లాంజిలు కలవవు.

రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్ నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగితే అది పగలబోతోందని అర్థం. ఇంజన్ కింది ప్లాస్టిక్ ట్రే బరువనుకుని తీసేయకండి. అది లేకపోతే గాలి రేడియేటర్‌లోంచి పోకుండా కిందనుంచి జారిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. గ్లైకాల్ కూలెంట్ చాలా ట్రాకుల్లో నిషేధం, ఒలికితే ఆయిల్ అంత జారుడు. నీళ్లు, వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు లోహానికి బాగా అంటేలా చేసే మందు) చాలు. అయితే డాలస్‌లోనూ చలికాలం కొన్ని రాత్రులు గడ్డకడుతుంది, అప్పుడు నీళ్లు దింపేయండి.

సస్పెన్షన్‌లో మీరు ఎంచుకునేదేమీ లేదు. క్లాసు కిట్ స్ప్రింగులు అంగుళానికి ముందు 700, వెనక 325 పౌండ్లు. సెట్టింగ్ మాత్రం మీ చేతిలో ఉంది. డ్రైవర్ సీట్లో మీ అంత బరువు ఇసుక బస్తాలు పెట్టి, పోటీకి వెళ్లేంత పెట్రోలు పోసి, యాంటీ రోల్ బార్ (మలుపులో కారు వాలకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి కార్నర్ వెయిట్లు (ఒక్కో చక్రం మీద పడే బరువు) చూడండి. ఎడమ ముందు ప్లస్ కుడి వెనక కలిపి మొత్తంలో 50 శాతం దగ్గరికి రావాలి. లింకులు విప్పకుండా తూస్తే బార్‌లోని మెలి కూడా లెక్కలోకొచ్చి, చూపించే అంకె అబద్ధమవుతుంది. అలైన్‌మెంట్ ఆ తర్వాతే, ఎందుకంటే ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) మారుతుంది.

పాప్అప్_లైట్లు:
బస్తాల సంగతి అస్సలు తట్టలేదు, థాంక్స్ అన్నా. చక్రం నట్లు ఎంతకి బిగించాలి?

డీటీసీ60:
88 నుంచి 118 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే. మొదటి సెషన్ అయ్యాక చక్రాలు చల్లారనిచ్చి మళ్లీ చూడండి. పాత స్టడ్లు ఇప్పుడే మార్చేయండి.