క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, ఆరోగ్యం గురించి ఏం అడగాలి?

ప్రశ్న (ప్రకాశం జిల్లా నుంచి):
మా ఊరికి కిలోమీటరు లోపే గ్రానైట్ క్వారీ, పక్కనే క్రషర్ వస్తాయంటున్నారు. క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. ఊళ్లో సగం మంది పనులు దొరుకుతాయంటారు, మిగతా సగం వద్దంటారు. నా టెన్షన్ అంతా దుమ్ము గురించే. బడి, అంగన్‌వాడీ రెండూ అటువైపే ఉన్నాయి. మైకు ఇస్తే ఏం మాట్లాడాలి? మాట్లాడి లాభం ఉంటుందా?

జవాబు (పర్యావరణ అనుమతుల ఫైళ్లు చూసిన వ్యక్తి):
అన్నా, అక్కడ ఓటింగ్ ఉండదు. వంద మంది లేచి "వద్దు" అన్నా మినిట్స్‌లో (సభలో జరిగినదాని రికార్డులో) "గ్రామస్తులు వ్యతిరేకించారు" అని ఒక్క లైన్ పడుతుంది. ప్రశ్నగా అడిగితే సంగతి వేరు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభలో వచ్చిన పర్యావరణ అభ్యంతరాలకు ఫైనల్ రిపోర్టులో కంపెనీ జవాబు చూపాలి.

ముందు కంపెనీ ఇచ్చిన ముసాయిదా ఈఐఏ రిపోర్టు చదవండి. కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుల్లో ఉంచాలి. సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. సారాంశంతో సరిపెట్టుకోకండి, అసలు విషయం లోపలి టేబుళ్లలో ఉంటుంది.

గాలి ఏ నెలల్లో కొలిచారో చూడండి. సాధారణంగా ఒక్క సీజనే కొలుస్తారు. ఆ నెలల్లో గాలి మీ ఊరివైపు వీస్తుందా? బడి దగ్గర పరికరం పెట్టారా? పీఎం10 అనే సన్న ధూళికి 24 గంటల పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. ఇప్పుడే 80 ఉంటే క్వారీ వచ్చాక ఎంతవుతుంది? టిప్పర్లు ఏ దారిన పోతాయి? నీళ్లు చల్లుతామని ప్రతి రిపోర్టులోనూ రాస్తారు, మే నెలలో ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారో మాత్రం రాయరు. అది తప్పకుండా అడగండి.

ఇంకోటి. ఐదు హెక్టార్ల లోపు ఒంటరి క్వారీకి సభ ఉండదు. మీకు పెట్టారంటే లీజు అంతకంటే పెద్దదై ఉండాలి, లేదా చుట్టుపక్కల క్వారీలతో కలిపి లెక్క దాటి ఉండాలి. రెండోదైతే అన్నిటి దుమ్మూ కలిపి లెక్క చూపమనండి.

ప్రశ్న అడిగినవారు:
క్రషర్ గురించి కూడా అప్పుడే అడగొచ్చా సార్?

జవాబు:
అడగండి. కానీ విడిగా పెట్టే క్రషర్‌కు ఈ సభ ఉండదు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి సరిపోతుంది. అందుకే ఆ అభ్యంతరం మండలి ప్రాంతీయ కార్యాలయానికి వేరుగా రాసిచ్చి, రసీదు తీసుకోండి.

ఇంకొకరు (పీహెచ్‌సీలో పనిచేసే డాక్టర్):
ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. ఆరోగ్య ప్రభావంపై విడిగా రిపోర్టు మన దగ్గర తప్పనిసరి కాదు. అందుకే ఈఐఏలో ఆ భాగం తరచూ ఒకటి రెండు పేరాలతో ముగుస్తుంది, ఎన్ని ఆసుపత్రులున్నాయో లెక్క ఇచ్చి ఊరుకుంటారు. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సాధారణంగా ఏళ్ల తర్వాత బయటపడుతుంది, నయం కాదు. పైగా ఎక్స్‌రేలో టీబీలా కనిపించి, టీబీ మందులతోనే కాలం గడిచిపోయే కేసులు ఉంటాయి. ముఖ్యంగా డ్రిల్లింగ్, క్రషర్ పనివాళ్లకు ముప్పు. పనులొస్తాయని సంబరపడుతున్న కుర్రాళ్లే ముందు వరసలో ఉంటారు. దుమ్ము లేవకుండా నీళ్లతో తడి డ్రిల్లింగ్ చేస్తారా, కాంట్రాక్టు కూలీలకూ ఏటా ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష ఉంటాయా అని రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే ముందు, క్వారీ రాకముందు ఊళ్లో దగ్గు, ఆయాసం, టీబీ కేసులెన్ని? పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. పీహెచ్‌సీకి పంచాయతీ తరఫున లెటర్ పెట్టండి. ఆ లెక్క లేకపోతే పదేళ్ల తర్వాత "ముందునుంచీ ఉన్నదే" అంటారు, మీ దగ్గర జవాబుండదు.

మరొకరు:
ఇదంతా తంతు సార్. అనుమతి ముందే ఖాయమై ఉంటుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
చాలాసార్లు అంతే, కాదనను. కానీ శ్రీకాకుళం జిల్లా సోంపేట థర్మల్ ప్లాంటు చూడండి. 2010 జులై 14న అక్కడ ప్లాంటు వద్దన్న జనంపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. అక్కడి "బీల" అనే చిత్తడి నేల గురించి కాగితం మీద వాదన పెట్టబట్టే అది సాధ్యమైంది. ఇప్పుడు ఆ అప్పీళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్తాయి, మనకు చెన్నై బెంచ్. అనుమతి వచ్చాక గడువు 30 రోజులే, సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఇవ్వొచ్చు.

సభ రోజు వీడియో తీస్తారు. చివర్లో మినిట్స్ తెలుగులో చదవాలి. అది అయ్యేదాకా ఎవరూ కదలొద్దు. మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే అడిగి రాయించండి.